బ్రిటన్ చలికాలానికి ట్యూబ్‌లెస్ రిమ్ ఎలా ఎంచుకోవాలి

ఇంగ్లండ్‌లో రైతులు పొలాల చుట్టూ ఉండే పొదల దడులను మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు కత్తిరించకూడదు. పక్షులు గూళ్ళు పెట్టే కాలం అది. కొన్ని మినహాయింపులున్నా నియమం మాత్రం గట్టిదే. సెప్టెంబరు వచ్చిందంటే ట్రాక్టర్లు బయల్దేరతాయి. ట్రాక్టరు పక్కన పొడవాటి ఇనుప చేతికి తగిలించిన యంత్రం గిరగిరా తిరుగుతూ కొమ్మల్ని చితగ్గొట్టి విసిరేస్తుంది. ఆ దడుల్లో ఎక్కువగా ఉండేవి హాథార్న్, బ్లాక్‌థార్న్. రెండూ ముళ్ళ జాతులే. ముళ్ళన్నీ పక్కనున్న సన్న రోడ్డు మీద పడి, వాన నీళ్ళకు కొట్టుకొచ్చి అంచుల్లో పోగవుతాయి. సైకిలు వెళ్ళేది కూడా సరిగ్గా ఆ అంచునే. మన వైపు సర్కారు తుమ్మ ఉన్న దారిలో సైకిలు తొక్కినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ ముల్లు దిగేసరికి రెండు డిగ్రీల చలి, సన్నగా వాన, నాలుగింటికే చీకటి.

దక్షిణ ఇంగ్లండ్‌లో దీనికి చెకుముకి రాయి తోడు. కెంట్, ససెక్స్, చిల్టర్న్ కొండలు సుద్ద నేలలు. ఆ సుద్ద పొరల్లో చెకుముకి రాళ్ళు ఉంటాయి. నాలుగు రోజులు వాన పడితే మట్టి కరిగి రాళ్ళు రోడ్డు మీదికి వస్తాయి, కార్ల కింద పడి పగులుతాయి. పగిలిన అంచు గాజు పెంకులాగే ఉంటుంది. రబ్బరు కోసేవాళ్ళు కత్తిని నీళ్ళలో ముంచి కోస్తారు, తడి మీద ఇట్టే తెగుతుంది కాబట్టి. చలికాలంలో రోడ్డంతా తడే కనుక, ఎండాకాలంలో పక్కకి ఎగిరిపోయే రాయి ముక్క అప్పుడు టైరులోకి దిగబడుతుంది. లండన్‌కు పడమరగా రీడింగ్, స్లౌ ఊళ్ళ వైపు ఉంటున్న తెలుగువాళ్ళు ఆదివారం పొద్దున సైకిలెక్కితే ఎదురయ్యేవి ఈ చిల్టర్న్ రోడ్లే.

చలికాలం సైకిలుకు ట్యూబ్‌లెస్ వేసేది ఇందుకే. మోటార్ సైకిలు, కారు నడిపేవాళ్ళకి ట్యూబ్‌లెస్ కొత్త కాదు. సైకిలు టైరులో ఒకటే అదనం: 30 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా పాల లాంటి ద్రవం పోస్తారు. దాన్ని సీలెంట్ అంటారు. అందులో ప్రధానంగా రబ్బరు పాలు, రంధ్రాన్ని పూడ్చే సన్నని పొడి ఉంటాయి. ముల్లు దిగగానే గాలితో పాటు ఈ ద్రవం చిల్లులోకి వచ్చి, అక్కడే గడ్డకట్టి మూసేస్తుంది. చాలాసార్లు ముల్లు దిగిన సంగతే తొక్కేవాళ్ళకి తెలియదు. మౌంటెన్ బైక్‌లకు మావిక్ సంస్థ 1999లో యూఎస్‌టీ పేరుతో ఈ పద్ధతిని తెచ్చింది. అదే పేరుతో రోడ్డు సైకిళ్ళకు పూర్తి స్థాయిలో వచ్చింది 2017లో. మధ్యలో షిమానో, హచిన్సన్ లాంటి కంపెనీలు ముందడుగు వేసినా, రోడ్డు సైకిలువాళ్ళు చాలాకాలం నమ్మలేదు. సన్నటి టైరు, ఎక్కువ గాలి ఉన్నచోట సీలెంట్ చిల్లును మూయడం కష్టం కాబట్టి ఆ అపనమ్మకంలో తప్పేం లేదు.

ఇంతవరకు మాటంతా టైరు గురించే. కొనేటప్పుడూ అంతే, టైరు గురించి పది మందిని అడిగి, రిమ్ మాత్రం బరువు చూసి, రంగు చూసి కొనేస్తారు. ఎండాకాలానికి అది సరిపోతుందేమో. చలికాలంలో రిమ్ మంచిదో కాదో ట్యూబ్‌లెస్ చక్కగా పనిచేసిన యాభై రోజుల్లో తేలదు. సీలెంట్ మూయలేనంత చీలిక పడి, రోడ్డు పక్కన నిలబడి టైరు ఊడదీయాల్సి వచ్చిన ఆ ఒక్క రోజున తేలుతుంది.

ఆ రోజు ఏం జరుగుతుందో అర్థం కావాలంటే రిమ్‌ను అడ్డంగా కోసినట్టు ఊహించుకోవాలి. మధ్యలో ఒక కాలువ. కాలువకు రెండు వైపులా చదునైన అరుగులు. అరుగుల చివర నిలువు గోడలు. టైరు అంచుల్లో గట్టి తాడు ఉంటుంది, దాన్ని బీడ్ అంటారు. గాలి నిండినప్పుడు రెండు బీడ్‌లూ అరుగుల మీదికెక్కి గోడలకు ఆనుకుంటాయి. ట్యూబ్ ఉన్న రోజుల్లో ఈ బీడ్ కొంచెం వదులుగా ఉన్నా నడిచిపోయేది, గాలి ట్యూబులో ఉండేది కాబట్టి. ట్యూబ్‌లెస్‌లో బీడే గాలిని ఆపాలి. అందుకని అరుగు కొలత కచ్చితంగా ఉంటుంది, టైరు దాని మీద బిగుతుగా కూర్చుంటుంది. మంచి రిమ్‌లలో అరుగుకీ కాలువకీ మధ్య పొలం గట్టులా చిన్న ఎత్తు కూడా పెడతారు. గాలి దిగిపోయినా బీడ్ జారి కాలువలో పడకుండా ఆ గట్టు ఆపుతుంది. వంపు తిరుగుతుండగా ముందు చక్రంలో గాలి ఒక్కసారిగా పోతే మనిషిని కాపాడేది ఈ గట్టే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. గట్టు ఎంత గట్టిగా ఆపితే, రోడ్డు పక్కన టైరు ఊడదీయడం అంత కష్టం. వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి. టైరు మీద బురద, లోపల సీలెంట్ జిగురు. బొటనవేళ్ళతో పక్కకి నెడితే బీడ్ కదలదు. కొన్ని రిమ్‌ల మీద చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి బూటు మడమతో తొక్కితే గానీ అరుగు వదలదు. ఒకసారి వదిలాక మిగతా పని కాలువ లోతు మీద ఆధారపడి ఉంటుంది. బీడ్‌ను ఒక వైపు కాలువలోకి దించితే, అవతలి వైపు కాస్త వదులు దొరుకుతుంది. టైరును పైకి లేపే చిన్న మీట, అంటే టైరు లివర్, దూరేది ఆ వదులులోనే. కాలువ లోతుగా, వాలుగా ఉంటే చేతులతోనే పని అయిపోతుంది. కాలువ నామమాత్రంగా ఉంటే లివర్లు విరుగుతాయి. రేసు కోసం చేసిన కొన్ని తేలిక రిమ్‌లలో కాలువ చాలా తక్కువ. ఎండాకాలంలో, ఇంటి దగ్గర, స్టాండు పంపు పక్కన పెట్టుకుని చేసే పనికి అవి చాలు.

కాబట్టి చలికాలానికి చూడాల్సింది గట్టు, లోతైన కాలువ రెండూ ఉన్న రిమ్. తయారీదారులు అడ్డకోత బొమ్మలు ఇస్తారు. బరువు పట్టిక చూసే ముందు ఆ బొమ్మ ఒక్క నిమిషం చూడాలి. ట్యూబ్‌లెస్‌కు అనుకూలం అన్న ముద్ర ఒక్కటీ ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. టైరు, రిమ్ రెండూ కొలతల్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి. బిగుతు టైరు, పెద్ద రిమ్ ఒకచోట చేరితే నరకం చూపిస్తాయి. వదులు టైరు, చిన్న రిమ్ కలిస్తే గాలి నిలవదు. మావిక్ తన రోడ్ యూఎస్‌టీలో టైరునూ రిమ్‌నూ ఒకే లెక్కతో చేసి అమ్మింది ఈ గొడవ లేకుండా చేద్దామనే. అందరూ ఆ దారిన పోలేదు గానీ, ఒక కంపెనీ రిమ్‌కు ఇంకో కంపెనీ టైరు కొనేముందు ఆ రెండింటినీ కలిపి వాడినవాళ్ళ మాట వినడం మంచిది.

టేపు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ముంచేది చాలాసార్లు అదే. రిమ్ కాలువలో స్పోకులు బిగించే రంధ్రాలుంటాయి. గాలి అక్కణ్ణుంచి పోకుండా చుట్టూ టేపు వేస్తారు. టేపు వెడల్పు రిమ్ లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. కాలువలోకి దిగి, పైకెక్కి, అరుగుల అంచు దాకా పరుచుకోవాలి కాబట్టి. చక్రాలు కట్టేవాళ్ళ నోట్లో ఎక్కువగా నలిగే పేరు టెసా 4289 అనే పసుపు టేపు. భయంతో మూడు నాలుగు చుట్లు వేస్తే లోతైన కాలువ కాస్తా నిండిపోతుంది. రోడ్డు పక్కన ఊడని టైరులో సగం తప్పు ఆ అదనపు చుట్లదే.

కొన్ని రిమ్‌లకు అసలు టేపే అక్కర్లేదు. షిమానో వాళ్ళ కొన్ని రోడ్డు చక్రాల్లో, కాంపగ్నోలో, ఫుల్‌క్రమ్ అనే కంపెనీల ‘టూ వే ఫిట్’ చక్రాల్లో కాలువకు రంధ్రాలే ఉండవు, నున్నటి లోహపు గచ్చులా ఉంటుంది. గాలి కారే దారి వాల్వ్ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. చలికాలానికి ఇంతకన్నా నిశ్చింత లేదనిపిస్తుంది. మరి రంధ్రాలే లేకపోతే స్పోకు కొసన ఉండే నిపుల్‌ను లోపలికి ఎలా పెడతారు? కాంపగ్నోలో, ఫుల్‌క్రమ్ కంపెనీల చక్రాల్లో నిపుల్‌ను వాల్వ్ రంధ్రంలోంచి లోపలికి వేసి, బయటి నుంచి అయస్కాంతంతో లాక్కుంటూ దాని చోటికి చేరుస్తారు. చూడ్డానికి గారడీలా ఉంటుంది. స్పోకు తెగిన రోజు మాత్రం వీధి చివరి మెకానిక్ దాని జోలికి రాకపోవచ్చు.

వాల్వ్ గురించి ఒక్క మాట. దాన్ని బయటి నుంచి పట్టి ఉంచే చిన్న నట్టును ప్లయర్స్‌తో బిగించకూడదు. ట్యూబ్ వేయాలంటే ముందు ఆ వాల్వ్‌ను పీకెయ్యాలి. చేత్తో బిగించిన నట్టే గ్లవ్ వేసుకున్న చేత్తో ఊడుతుంది. ఉప్పు తిని బిగుసుకుపోయిన నట్టు దగ్గర ఇంటికి ఫోన్ చేయాల్సిందే.

ఉప్పు అన్నాం కదా. చలికాలపు రిమ్‌కు అసలు శత్రువు అదే. రోడ్డు గడ్డకట్టే సూచన కనిపించగానే బ్రిటన్‌లో లారీలు రాళ్ళ ఉప్పు చల్లుకుంటూ పోతాయి. మామూలు రాత్రుల్లో చదరపు మీటరుకు 10 గ్రాముల దరిదాపుల్లో, మంచు పడేటట్టుంటే 20 నుంచి 40 గ్రాముల దాకా. ఆ ఉప్పులో చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి వస్తుంది. 1844లో తవ్వకం మొదలైన ఆ గనిలో నేల కింద 150 మీటర్లకు పైగా లోతులో తవ్వుతారు. మర్నాడు సైకిలెక్కేసరికి రోడ్డు మీద ఉన్నది ఉప్పునీళ్ళే. చక్రం తిరుగుతుంటే ఆ నీళ్ళు స్పోకుల మొదళ్ళలోకి, వాల్వ్ రంధ్రంలోకి, రిమ్ బోలు భాగంలోకి చేరతాయి. ఎండాకాలంలో ఆరిపోయేవి చలికాలంలో ఆరవు. సాయంత్రం చక్రం ఎత్తి ఊపితే లోపల నీళ్ళు గలగలమంటాయి. అడుగున నీరు కారే చిన్న రంధ్రం ఉన్న రిమ్ అయితే చక్రాన్ని తిప్పి ఆ రంధ్రం కిందికి వచ్చేలా నిలబెడితే సరి. అది లేనివాళ్ళు వాల్వ్ ఊడదీసి వంచుకోవాలి.

వేర్వేరు లోహాలు తగులుకుని, మధ్యలో ఉప్పునీరు చేరితే బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది. బలహీన లోహం కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్పోకు, అల్యూమినియం నిపుల్ కలిస్తే తినబడేది నిపుల్. రెండు చలికాలాలు గడిచాక అది తెల్లటి పొడి రాల్చుకుంటూ, స్పోకు కీ పెట్టి తిప్పగానే పుటుక్కున పగిలిపోతుంది. కార్బన్ రిమ్‌లో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. కార్బన్ నారలో కరెంటు పారుతుంది, దాని పక్కన అల్యూమినియం ఓడిపోయే వైపే ఉంటుంది. పరిష్కారం పాతదే: ఇత్తడి నిపుల్. బరువు చూస్తే చక్రానికి 20 గ్రాములు ఎక్కువ, అంటే సీలెంట్ నాలుగు టీ చెంచాలు. ఇంత చిన్న తేడాకి అల్యూమినియం నిపుల్స్‌తో చలికాలపు చక్రాలు ఇంకా ఎందుకు అమ్ముతున్నారో అర్థం కాదు. చక్రాల బరువు గ్రాముల్లో పోల్చి చూసే కొనుగోలుదారుడే కారణం కావచ్చు.

సీలెంట్ కూడా అమాయకురాలేం కాదు. రబ్బరు పాలు గడ్డకట్టకుండా నిలవ ఉండటానికి అమ్మోనియా కలుపుతారు. టేపులో చిన్న పగులుంటే అది లోపలికి కారి, పై పూత లేని అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది. బయటి నుంచి ఉప్పు, లోపలి నుంచి సీలెంట్. అందుకే లోపలా బయటా ఆనడైజ్ చేసిన, అంటే కరెంటుతో గట్టి పూత పెంచిన, రిమ్ చలికాలానికి మేలు. వెండిలా మెరిసే పాలిష్ రిమ్ ఫొటోలో బాగుంటుంది, ఫిబ్రవరికల్లా మశూచి మచ్చలు తేలుతుంది.

ఇక బ్రేకులు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2018 జులై 1 నుంచి రోడ్డు రేసుల్లో డిస్క్ బ్రేకుల్ని పూర్తిగా అనుమతించింది. కొత్త సైకిళ్ళలో ఇప్పుడు డిస్కే ఎక్కువ. కానీ చాలామంది చలికాలపు సైకిలు అంటే పదేళ్ళ కిందటి పాత ఫ్రేమే, దానికి రిమ్ బ్రేకులే. వీళ్ళ లెక్క పూర్తిగా వేరు. తడి రోడ్డు మీది ఇసుక, చెకుముకి పొడి బ్రేక్ రబ్బర్లలో చిక్కుకుని సాన రాయిలా రిమ్ గోడను అరగదీస్తాయి. వానలో దిగుడు దిగేటప్పుడు వినపడే కరకర శబ్దం రిమ్ గోడ అరిగే శబ్దమే. ఇంటికొచ్చి బ్రేక్ రబ్బర్లు తీసి చూస్తే వాటిలో వెండి రంగు తునకలు పొదిగినట్టు మెరుస్తుంటాయి. రిమ్ నుంచి ఊడిన అల్యూమినియం అది. సూది మొనతో వాటిని పెకలించకపోతే, రేపు రిమ్‌ను రిమ్ లోహమే గీస్తుంది. కూల్‌స్టాప్ వాళ్ళ నారింజ రంగు రబ్బర్లకి తడిలో మంచి పేరుంది. రిమ్ కాస్త ఎక్కువ కాలం వస్తుంది, అంతే, అరుగుదల ఆగదు.

కొత్త రిమ్ గోడ మందం సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఒక మిల్లీమీటరు కన్నా తగ్గిందంటే ఆ రిమ్ మీద భరోసా పెట్టుకోకూడదు, ఎందుకంటే లోపలి గాలి ఆ గోడను నిత్యం బయటికి తోస్తూనే ఉంటుంది. గోడ చీలితే ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండదు, తుపాకీ పేలినట్టు శబ్దం తప్ప. చాలా రిమ్‌లకు బ్రేక్ తగిలే చోట సన్న గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనపడకుండా పోయిన రోజు రిమ్ మార్చాలి. గుర్తు లేని రిమ్ అయితే స్టీలు స్కేలు అంచును ఆ గోడకు ఆనించి వెలుతురుకు ఎత్తి చూడాలి. స్కేలుకూ రిమ్‌కూ మధ్య నెలవంకలా వెలుగు కనిపిస్తే అంత లోహం పోయిందని అర్థం.

దీన్నుంచి ఒక తీర్మానం దానంతటదే వస్తుంది. రిమ్ బ్రేకు సైకిలుకు ఖరీదైన ట్యూబ్‌లెస్ రిమ్ పెట్టడం దండగ. అక్కడ రిమ్ కూడా బ్రేక్ రబ్బరులాగే అరిగి పారేసే వస్తువు. చవకైన, దొరికే, స్పోకులు విప్పి మార్చుకోగల అల్యూమినియం రిమ్ చాలు. డిస్క్ సైకిలులో రిమ్‌ను ఏదీ రాపిడి పెట్టదు, ఉప్పు ఒక్కదాన్నీ కాచుకుంటే ఏళ్ళ తరబడి నడుస్తుంది. మంచి అడ్డకోత, మంచి పూత ఉన్న రిమ్‌కు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

ఈ మధ్య ఏ సైకిలు కబురు మొదలెట్టినా కొక్కెం గొడవ రాకుండా ఉండదు. పాత పద్ధతిలో రిమ్ గోడ పై అంచు కొక్కెంలా లోపలికి వంగి, టైరు బీడ్‌ను పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన కార్బన్ రిమ్‌లలో కొన్నింటికి ఆ వంపు ఉండదు, గోడ నిటారుగా ఉంటుంది. అచ్చులో చేసి తీయడం తేలిక, అంచు దిట్టంగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది. బదులుగా కొన్ని షరతులు: గాలి ఒత్తిడి 5 బార్, అంటే పంపు గేజీ లెక్కలో 72.5 పీఎస్‌ఐ దాటకూడదు. అలాంటి రిమ్‌కు పనికొస్తుందని తయారీదారు చెప్పిన టైరే వాడాలి. రిమ్ వెడల్పుకు తగ్గ కనీస టైరు వెడల్పు ఉండాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ సైకిలు రేసులో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయినప్పుడు, ముందు టైరు రిమ్ నుంచి ఊడి వేలాడుతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. 25 మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న కొక్కెం లేని రిమ్ మీద ఆయన వేసుకున్నది 28 టైరు. టైరు, రిమ్ కొలతల కొత్త అంతర్జాతీయ ప్రమాణం ఆ వెడల్పు రిమ్‌కు కనీసం 29 ఉండాలంటుంది. రోడ్డు మీద ఏదో బలంగా తగలడమే అసలు కారణమని తయారీదారుల వాదన. రైడర్ల సంఘం అధ్యక్షుడు ఆడమ్ హాన్సెన్ మాత్రం కొక్కెం లేని రిమ్‌ల మీద బాహాటంగానే అభ్యంతరం చెప్పాడు.

చలికాలపు రైడర్‌కు ఈ చర్చలో ఎంత వాటా ఉంది? గాలి పరిమితి పెద్ద అడ్డేం కాదు. 75 కిలోల మనిషి 30 టైరు మీద తడి రోడ్డుకు వేసుకునే గాలి 60 పీఎస్‌ఐ చుట్టుపక్కలే ఉంటుంది. ఇబ్బంది చలి నుంచి వస్తుంది. 20 డిగ్రీల వెచ్చని గదిలో 72 పీఎస్‌ఐ కొట్టి సున్నా డిగ్రీల్లోకి తీసుకెళ్తే అది 66కి పడిపోతుంది. ఇందులో ప్రమాదం లేదు. తిరగేసి చూస్తే ఉంది: గడ్డకట్టే షెడ్డులో 72 కొట్టి, సైకిలును వెచ్చని హాల్లో పెట్టుకుంటే 78 అవుతుంది, పరిమితి దాటిపోతుంది. దానికి తోడు పాత పంపు గేజీల్లో నాలుగైదు పీఎస్‌ఐ తేడా మామూలే. కొక్కెం ఉన్న రిమ్‌కు ఈ లెక్కలు ఇంత పట్టి చూడక్కర్లేదు. పైగా అల్యూమినియం రిమ్‌ను మురుకుల గొట్టంలోంచి పిండిలా సాంచాలోంచి నొక్కి తీస్తారు, కొక్కెం ఆకారం సాంచాలోనే ఉంటుంది. దాని కోసం అదనపు ఖర్చు దాదాపు ఉండదు. చలికాలానికి అల్యూమినియం కొన్నవాళ్ళకి కొక్కెం చాలావరకు వెంట వస్తుంది. కార్బన్‌వాళ్ళ తగువు కార్బన్‌వాళ్ళకి వదిలేయొచ్చు.

వెడల్పు దగ్గర మోజు కాస్త తగ్గించుకోవాలి. లోపలి వెడల్పు 25 దాకా వెళ్తున్న రోజులివి. వెడల్పు పెరిగేకొద్దీ టైరు ఉబ్బుతుంది. 28 అని రాసి ఉన్న టైరు వెడల్పాటి రిమ్ మీద 30 తూగుతుంది. బ్రిటన్‌లో చాలా సైక్లింగ్ క్లబ్బుల్లో చలికాలం మడ్‌గార్డ్ లేకుండా గుంపులోకి రానివ్వరు, వెనకొచ్చేవాళ్ళ మొహాన బురద చిమ్ముతుంది కాబట్టి. కొందరు మడ్‌గార్డ్ చివర రబ్బరు తోక కూడా అడుగుతారు. టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య జాగా లేకపోతే తడి ఆకులు, మట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. పాత ఫ్రేముకు లోపలి వెడల్పు 19, డిస్క్ ఫ్రేముకు 20 నుంచి 22 దాకా ఉంటే, జాగా ఉన్న ఫ్రేములో 28 లేదా 30 టైరు, మడ్‌గార్డ్ రెండూ పడతాయి.

ఎత్తు, బరువు మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. జనవరి గాలులకు 50 మిల్లీమీటర్ల ఎత్తు రిమ్ తెరచాపలా పక్కకి లాగుతుంది, 30 లోపు చాలు. రిమ్ ఒక్కటీ 450, 500 గ్రాములుంటే కంగారు పడాల్సిన పనిలేదు. స్పోకులు 28 గానీ 32 గానీ ఉండాలి. గుంతలో పడి ఒకటి తెగినా చక్రం ఇల్లు చేరుస్తుంది, బెండు తీయడం ఏ షాపులోనైనా అయిపోతుంది.

ఈ లెక్కలన్నిటికీ దగ్గరగా ఉండేవి చేత్తో కట్టించే చక్రాలు. లోపలి వెడల్పు 20 ఉన్న డీటీ స్విస్ ఆర్ 470, వెడల్పు 19 ఉన్న మావిక్ ఓపెన్ ప్రో యూఎస్‌టీ లాంటి సాదా రిమ్‌లు, ఇత్తడి నిపుల్స్, చక్రం మధ్యలో తిరిగే హబ్‌లు అంటే ఇంగ్లండ్‌లోనే బార్నోల్డ్స్‌విక్ ఊళ్ళో తయారయ్యే హోప్ కంపెనీవి. హబ్ బేరింగులు మార్చుకోవచ్చు, రిమ్ మార్చుకోవచ్చు. రిమ్ అరిగినప్పుడు అదే మోడల్ మళ్ళీ దొరికితే ఇంకా సులువు. కొత్త రిమ్‌ను పాతదాని పక్కన ఆనించి, రంధ్రానికి రంధ్రం సరిచూసి, నాలుగైదు చోట్ల టేపుతో కట్టేస్తారు. తర్వాత ఒక్కొక్క స్పోకునూ పాతదాన్నుంచి విప్పి కొత్తదానికి తగిలించుకుంటూ పోతారు. అల్లిక చెదరదు, స్పోకులు కొత్తవి కొనక్కర్లేదు. సాయంత్రం టీ తాగుతూ చేసుకునే పని. కంపెనీ చక్రాల జతల్లో ఆ మోడల్ ఆగిపోతే హబ్ బాగున్నా చక్రం మూలపడుతుంది.

కొన్నాక చలి ముదరకముందే ఒక పరీక్ష పెట్టుకోవాలి. గుమ్మం బయట, చేతులు తడుపుకుని, వెంట తీసుకెళ్ళే లివర్లతోనే టైరు ఊడదీసి, ట్యూబ్ పెట్టి, వెంట ఉండే చిన్న పంపుతోనే గాలి కొట్టి చూడాలి. పావుగంటలో కాకపోతే ఆ రిమ్, టైరు జోడీ చలికాలానికి పనికిరాదు. టైరో టేపో మార్చాల్సిందే. చిన్న పంపుతో ట్యూబ్‌లెస్ టైరును అరుగు మీదికి ఎక్కించడం దాదాపు అయ్యే పని కాదు, దానికి ఒక్కసారిగా దూసుకొచ్చే గాలి కావాలి. అందుకే రోడ్డు మీద ముందుగా ప్రయత్నించాల్సింది టైరు ఊడదీయకుండా చీలికలో జిగురు తాడు దూర్చడం. మోటార్ సైకిలు పంక్చర్ షాపువాళ్ళు ట్యూబ్‌లెస్ టైరుకు చేసేదే, సైకిలుకు సరిపడా సన్నం చేశారు. దానికీ లొంగకపోతేనే ట్యూబ్.

ట్యూబ్ పెట్టేముందు మాత్రం ఒక పని మర్చిపోకూడదు. నవంబరు నుంచి ఆ టైరు ఎన్ని ముళ్ళు మింగిందో ఎవరికీ తెలియదు. ఒక్కో ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది, సీలెంట్ దాని చుట్టూ గడ్డకట్టి గాలి ఆపుతూ ఉంటుంది. అలాంటి టైరులో కొత్త ట్యూబ్ పెట్టి గాలి కొడితే వంద గజాలు పోకముందే మళ్ళీ చప్పబడుతుంది. పాత గుడ్డ ముక్కతో టైరు లోపల చుట్టూ మెల్లగా తుడవాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. వేలితో తడిమితే వేలికే దిగుతుంది.

మార్చి 1న దడుల కోత ఆగుతుంది. ఆ వారం టైరు ఊడదీసి వెలుతురులో పెట్టి చూస్తే లోపలంతా తెల్లటి బొడిపెలు కనిపిస్తాయి. కొన్నిటి మధ్యలో గోధుమ రంగు మొన ఇంకా ఉంటుంది.